జెస్యూట్ యూనివర్సిటీలో క్యాంపస్ మినిస్ట్రీ: కాథలిక్కు కాని తెలుగు విద్యార్థికి అక్కడ ఏం పని?

మీరు అడిగింది ఇదీ. అమెరికాలో ఒక జెస్యూట్ యూనివర్సిటీలో (జెస్యూట్లంటే యేసు సభ అనే కాథలిక్ సన్యాస సభ వాళ్లు) మాస్టర్స్‌కి సీటు వచ్చింది. ఇంట్లో అందరూ హిందువులు. అడ్మిషన్ మెయిళ్లతో పాటు విద్యార్థుల ప్రార్థన, సేవ వ్యవహారాలు చూసే క్యాంపస్ మినిస్ట్రీ ఆఫీసు నుంచి రిట్రీట్ (ధ్యాన శిబిరం), సర్వీస్, ఇమర్షన్ ట్రిప్ (కష్టాల్లో ఉన్నవాళ్ల మధ్య కొన్నాళ్లు గడిపే ప్రయాణం), జస్టిస్ అంటూ వరసగా మెయిళ్లు వస్తున్నాయి. ఇది మతంలోకి లాగే వ్యవహారమా? ప్రార్థనలు చేయించాల్సిన ఆఫీసు కూలీల జీతాల గురించీ వలసదారుల గురించీ ఎందుకు మాట్లాడుతుంది? ఎఫ్‑1 వీసా మీద ఉన్నవాళ్లు ఇందులో ఎంతవరకు దిగొచ్చు? అక్కడే చేరబోతున్న మీ కాథలిక్ స్నేహితురాలికి కూడా ఏమైనా చెప్పమన్నారు. చివర్లో ఖర్చు సంగతి కూడా అడిగారు.

నాది తెలుగు కాథలిక్ కుటుంబం. అమెరికాలో చదువుకునేటప్పుడు గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా, ఆ తర్వాత పూర్తికాలపు ఉద్యోగిగా క్యాంపస్ మినిస్ట్రీలో కొన్నేళ్లు పనిచేశాను. నేను ఫాదర్‌ని కాను. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది నాలాంటి మామూలు గృహస్థులే.

ముందు మతమార్పిడి భయం తీర్చేస్తా. మిమ్మల్ని మతం మారమని ఆ ఆఫీసు అడగదు. ఇది నా మాట మీద నమ్మాల్సిన పని లేదు, రాసి పెట్టిన నియమమే ఉంది. కాథలిక్ యూనివర్సిటీలు ఎలా నడవాలో చెబుతూ పోపు రెండో జాన్ పాల్ 1990 ఆగస్టు 15న 'ఎక్స్ కోర్దె ఎక్లెసియే' అనే శాసనం ఇచ్చారు. యూనివర్సిటీలో వేరే మతాల వాళ్లుంటే, వాళ్లు తమ విశ్వాసం ప్రకారం చేసుకునే ప్రార్థననూ ధ్యానాన్నీ గౌరవించాలని అందులో స్పష్టంగా ఉంది. దానికి పాతికేళ్ల ముందే, 1965లో, ప్రపంచంలోని బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 'నోస్త్రా ఎతాతే' అనే పత్రంలో హిందూ ధర్మాన్ని పేరు పెట్టి ప్రస్తావించి, ఇతర మతాల్లో సత్యమూ పవిత్రమూ అయినదాన్ని తిరుసభ (కాథలిక్ చర్చి) తోసిపుచ్చదని ప్రకటించింది. కాగితం మీద మాటలే అనుకుంటే జార్జ్‌టౌన్ చూడండి. ఆ జెస్యూట్ యూనివర్సిటీ 1999లోనే పూర్తికాలపు ఇమాముని నియమించింది, 2016లో హిందూ విద్యార్థుల కోసం ఒక హిందూ పూజారిని తీసుకొచ్చింది. అన్ని చోట్లా ఇంత ఏర్పాటు ఉండదు. కానీ మీరు వెళ్లి "దీపావళికి ఒక హాలు కావాలి" అని అడిగితే మొహం చిట్లించే జెస్యూట్ క్యాంపస్ నాకు తగల్లేదు.

ఇష్టపడి జ్ఞానస్నానం తీసుకోవాలనుకునేవాళ్లకు వేరే తరగతులుంటాయి. అవి నెలల తరబడి సాగుతాయి, మామూలుగా పాస్కా జాగరణ రాత్రితో, అంటే ఈస్టర్ ముందు రాత్రితో ముగుస్తాయి. ఆ తలుపు మీరు తడితేనే తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక తేడా మాత్రం తెలుసుకుని వెళ్లండి. క్యాంపస్‌లో కాథలిక్ పేరుతో కనిపించే ప్రతి మనిషీ క్యాంపస్ మినిస్ట్రీ ఉద్యోగి కాదు. 1998లో మొదలైన 'ఫోకస్' అనే సంస్థ కుర్ర మిషనరీలను క్యాంపస్‌లకు పంపుతుంది. సువార్త చెప్పడమే వాళ్ల పని, ఆ సంగతి వాళ్లు దాచరు కూడా. కాఫీకి పిలుస్తారు, బైబిల్ స్టడీకి రమ్మంటారు. ఇవి కాక ప్రొటెస్టెంట్ విద్యార్థి సంఘాలు ఉంటాయి, కొత్తగా దిగిన అంతర్జాతీయ విద్యార్థులకు ఎయిర్‌పోర్ట్ నుంచి రైడ్ ఇచ్చి, సామాన్లు కొనిపెట్టి, తర్వాత ఆదివారం ఆరాధనకు పిలిచేవి. మంచివాళ్లే. కానీ ఎవరు ఏ సంస్థ తరఫున వచ్చారో అడిగి తెలుసుకోవడం మీ హక్కు. అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

పూజకు (చర్చిలో ఫాదర్ జరిపే మాస్) వెళ్లాలనిపిస్తే వెళ్లండి. ఆదివారం రాత్రి విద్యార్థుల కోసం పెట్టే పూజ చాలా క్యాంపస్‌లలో వారానికి కేంద్రం లాంటిది. వెనక వరసలో కూర్చోవచ్చు, అందరితో పాటు లేవొచ్చు, లేవకపోయినా ఎవరూ ఏమీ అనరు. అక్కడ పంచే దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా నమ్మే అప్పం) మాత్రం కాథలిక్కులకే. వరసలో వెళ్లి రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుంటే ఆశీర్వదించి పంపుతారు, లేదంటే కూర్చున్న చోటే ఉండిపోవచ్చు. గుడి ప్రసాదంలా అందరికీ ఇస్తారనుకుని మనవాళ్లు చేయి చాపడం నేను చూశాను, అందుకే ముందే చెబుతున్నా.

ఇప్పుడు మీ ప్రశ్నలో అసలైన భాగం. ప్రార్థనకీ న్యాయానికీ ఏం సంబంధం?

అమెరికాలో ఇది ఈ మధ్య పుట్టిన క్యాంపస్ రాజకీయం అని చాలామంది అనుకుంటారు. కాదు. పరిశ్రమల కాలంలో కార్మికులు పడుతున్న పాట్లు చూసి పోపు 13వ లియో 1891లో 'రేరుమ్ నొవారుమ్' రాశారు. కుటుంబం గడవడానికి చాలినంత కూలి, సంఘం పెట్టుకునే హక్కు అప్పుడే కాథలిక్ బోధనలోకి వచ్చాయి. ఆ పేరే 2025 మేలో మళ్లీ వినబడింది. కొత్తగా ఎన్నికైన పోపు 14వ లియో, తాను ఆ పేరు ఎంచుకోవడానికి 13వ లియో రాసిన ఆ లేఖ ఒక కారణమనీ, కృత్రిమ మేధతో వస్తున్న మార్పుల్లో మనిషి శ్రమ గౌరవాన్ని కాపాడాలనీ చెప్పారు. ఆయన 1977లో విల్లనోవా యూనివర్సిటీ నుంచి గణితంలో డిగ్రీ తీసుకున్నవారు. అది జెస్యూట్లది కాదు, అగస్టీనియన్లు అనే వేరే సన్యాస సభది. ఏఐ చదవడానికి వెళుతున్నవాళ్లకు ఈ సంగతి ఆసక్తిగా ఉంటుందని చెప్పాను.

జెస్యూట్ల విషయంలో మలుపు 1970లలో వచ్చింది. 1971లో రోములో జరిగిన పీఠాధిపతుల (బిషప్పుల) సభ, అంటే సినడు, న్యాయం కోసం పనిచేయడం సువార్త ప్రకటనలో విడదీయలేని అంశమని తేల్చింది. 1973లో జెస్యూట్ల పెద్ద ఫాదర్ పెద్రో అర్రూపే స్పెయిన్‌లోని వలెన్సియాలో తమ స్కూళ్ల పూర్వ విద్యార్థుల సభలో మాట్లాడారు. డబ్బూ హోదా ఉన్న కుటుంబాల వాళ్లు ఆ సభలో చాలామంది. వాళ్ల ముందు నిలబడి, పొరుగువాడి కోసం బతికే మనుషులను తయారు చేయడమే మన చదువుల లక్ష్యమనీ, మిమ్మల్ని న్యాయం వైపు మేం తగినంతగా తయారు చేయలేదనీ అన్నారు. కొందరు కోపంతో సంబంధాలు తెంచుకున్నారు. ఆ తర్వాత 1974‑75లో జరిగిన జెస్యూట్ల 32వ మహాసభ తన నాలుగో డిక్రీలో ఇంకో అడుగు వేసింది. తమ పని విశ్వాస సేవ, న్యాయ సాధన దానికి తప్పనిసరి షరతు అని రాసుకుంది. మీకొచ్చిన మెయిల్లో 'ఫెయిత్ దట్ డస్ జస్టిస్' అనే మాట ఉంటే దాని మూలం అక్కడుంది.

ఆ మాటకు ప్రాణాలు ఇచ్చినవాళ్లున్నారు కాబట్టే జెస్యూట్ క్యాంపస్‌లలో అది నినాదంగా మిగిలిపోలేదు. ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధం సాగుతున్న రోజులు. రాజధానిలోని 'ఊకా' అనే జెస్యూట్ యూనివర్సిటీ రెక్టరు ఇగ్నాసియో ఎల్లకురియా, ఆయన తోటి ప్రొఫెసర్లు పేదల పక్షాన పరిశోధనలు చేశారు, చర్చలతో యుద్ధం ఆపాలని వాదించారు. 1989 నవంబరు 16 తెల్లవారుజామున సైనికులు క్యాంపస్‌లోకి చొరబడి ఆయనతో కలిపి ఆరుగురు జెస్యూట్లను కాల్చి చంపారు. ఆ ఇంట్లో వంట, పని చూసే ఎల్బా రామోస్‌నీ, ఆమె కూతురు సెలీనానీ కూడా వదల్లేదు. ఆ పని చేసిన అట్లకాట్ల్ దళానికి శిక్షణ ఇచ్చింది అమెరికా. అందుకే ప్రతి నవంబరులో ఆ ఎనిమిది పేర్లు అమెరికాలోని జెస్యూట్ క్యాంపస్‌లలో చదువుతారు. 1997లో జార్జియా రాష్ట్రంలో ఒక సైనిక స్థావరం గేటు దగ్గర మొదలైన 'ఇగ్నేషియన్ ఫ్యామిలీ టీచ్‑ఇన్' ఆ స్మృతిలోంచి పుట్టిందే. 2010 నుంచి అది వాషింగ్టన్‌లో జరుగుతోంది. విద్యార్థులు చివరి రోజున తమ రాష్ట్రాల చట్టసభ సభ్యుల ఆఫీసులకు వెళ్లి వలస విధానం, పర్యావరణం లాంటి విషయాలు మాట్లాడతారు. మీ ఆఫీసు నుంచి కూడా బహుశా ఒక బృందం వెళుతుంది.

అన్ని కాథలిక్ యూనివర్సిటీలూ ఇదే గొంతుతో మాట్లాడవు. విన్సెంట్ సభ నడిపే డిపాల్‌లో పేదల సేవ ముందుకొస్తుంది. మరియనిస్టుల సభ నడిపే డేటన్‌లో కలిసి బతకడం మీద పట్టు ఎక్కువ. నాటర్‌డామ్‌లో ప్రతి హాస్టల్లోనూ ఒక ప్రార్థనాలయం ఉంటుంది, సామాజిక అంశాలకు 1983 నుంచీ వేరే కేంద్రమే ఉంది. అయినా ఉమ్మడి గీత ఒకటుంది. 1985లో అమెరికా పీఠాధిపతులు క్యాంపస్ మినిస్ట్రీ గురించి రాసిన లేఖ ఆరు పనులు అప్పజెప్పింది. విశ్వాసుల సమాజాన్ని కట్టడం మొదటిది, న్యాయం కోసం చదివించడం నాలుగోది. ఏ సభ నడిపినా న్యాయం ఐచ్ఛికాంశం కాదన్నమాట.

ఇంతవరకు చెప్పింది చరిత్ర. అక్కడ పనిచేసిన మనిషిగా నేను చెప్పదలచుకున్నది వేరే. సేవ దానంతటదే న్యాయంగా మారదు. మధ్యలో ఒక గుంపు ఉండాలి. ఒకే పది పన్నెండు మంది, వారం వారం ఒకే చోటికి వెళ్లి, వచ్చాక ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకునే గుంపు. అది ఉన్న మినిస్ట్రీ నిజమైనది. అది లేకపోతే ఎన్ని టీషర్టులు పంచినా, ఎన్ని ఫొటోలు పెట్టినా అది పుణ్యం కోసం చేసే పని దగ్గరే ఆగిపోతుంది.

ఎలాగో చెబుతా. ఒక ఫుడ్ ప్యాంట్రీకి మీరు వెళ్లారనుకోండి. మొదటి వారం డబ్బాలు సర్ది, సంచులు అందించి వస్తారు. మనసు తేలికగా ఉంటుంది. మూడో వారానికి మొహాలు గుర్తుపడతారు. ఐదో వారానికి ఒక తల్లి, ఆస్పత్రిలో రాత్రి షిఫ్టు ముగించుకుని యూనిఫామ్‌తోనే వచ్చి నిలబడిందని గమనిస్తారు. అప్పుడు బల్ల దగ్గర ఎవరో ఒకరు ఆ ప్రశ్న వేస్తారు: పూర్తికాలం పనిచేసే మనిషి ఉచిత సరుకుల కోసం ఎందుకు రావాలి? ఇంకొకరు ఆ ఊళ్లో అద్దెలు ఎంతో వెతుకుతారు. ఎకనామిక్స్ చదివే కుర్రాడు కనీస వేతనం లెక్క వేస్తాడు. నర్సింగ్ చదివే అమ్మాయి ఆస్పత్రిలో ఆ పని కాంట్రాక్టుకి ఇచ్చేశారని చెబుతుంది. చివర్లో నడిపించే మనిషి సువార్తలోంచి చిన్న భాగం చదివి, కాసేపు మౌనంగా ఉండమంటాడు. ఇవన్నీ ఒకే గంటలో జరగాలి. లెక్క లేకపోతే అది జాలి. మౌనం లేకపోతే కొన్ని నెలల్లో కోపం మిగిలి మనిషి అలసిపోతాడు. అలా అలసి వెళ్లిపోయిన మంచి విద్యార్థులను చూశాను.

2000 అక్టోబరులో అప్పటి జెస్యూట్ల పెద్ద ఫాదర్ పీటర్ హన్స్ కోల్వెన్‌బాక్ శాంటా క్లారా యూనివర్సిటీలో ఒక ప్రసంగం చేశారు. సంఘీభావం భావనలతో రాదు, మనుషులను నేరుగా కలిస్తే వస్తుంది, అనుభవం గుండెను తాకితేనే బుర్ర మారడానికి ఒప్పుకుంటుంది అన్నది దాని సారాంశం. అక్కడ ఎవరిని కదిలించినా ఈ మాట చెబుతారు. చెప్పనిది ఏమిటంటే, ఒక్కసారి కలిస్తే చాలదు. వారం రోజుల ఇమర్షన్ ట్రిప్పుల మీద నాకున్న గుర్రు అదే. వసంత సెలవుల్లో వేరే రాష్ట్రానికో సరిహద్దుకో వెళ్లి, అక్కడివాళ్ల కథలు విని, కన్నీళ్లు పెట్టుకుని, వచ్చి ఆల్బమ్ పెట్టడం. వెళ్లినవాళ్లకు లాభమే, వాళ్లను భరించినవాళ్లకు ఏం మిగిలింది? మంచి ట్రిప్పును గుర్తుపట్టడానికి మూడు విషయాలు అడగండి: వెళ్లే ముందు ఎన్ని వారాలు చదివిస్తారు, అక్కడ ఎవరి ఆతిథ్యంలో ఉంటాం, వాళ్లతో యూనివర్సిటీకి ఎన్నేళ్ల సంబంధం ఉంది. ఉదాహరణకు అరిజోనా‑మెక్సికో సరిహద్దులోని నొగాలెస్‌లో 2009 నుంచి కీనో బోర్డర్ ఇనిషియేటివ్ పనిచేస్తోంది. అది ఏడాది పొడుగునా వలసదారులకు అన్నం పెడుతుంది, వాళ్ల పక్షాన వాదిస్తుంది. విద్యార్థులు వచ్చినా రాకపోయినా దాని పని దానిది. అలాంటి చోటికి వెళితే మీరు అతిథి. మీ కోసమే ఏర్పాటు చేసిన పేదరికం చూడ్డానికి వెళితే మీరు పర్యాటకుడు.

రిట్రీట్ల గురించి ఒక మాట. వాటిలో ఎక్కువ భాగం విద్యార్థులే నడుపుతారు. ఫోన్లు పక్కన పెట్టడం, ఒకళ్లు తమ జీవితం గురించి మాట్లాడడం, చిన్న బృందాల్లో కూర్చోవడం, రాత్రి ప్రార్థన. మీరు ప్రార్థనలో పాల్గొనకుండా కూర్చోవచ్చు. 'ఎగ్జామెన్' అని పదిహేను నిమిషాల సాధన ఒకటి నేర్పుతారు. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా పెట్టిన పద్ధతి, రోజు ఎలా గడిచిందో నెమ్మదిగా వెనక్కి చూసుకోవడం. ఇది నచ్చిన హిందూ, ముస్లిం విద్యార్థులు చాలామందే తెలుసు నాకు.

ఒక క్యాంపస్ మినిస్ట్రీ చెప్పే న్యాయం ఎంత గట్టిదో తెలియాలంటే బయట ప్యాంట్రీలో చేసే సేవ కంటే లోపల క్యాంటీన్లో గిన్నెలు కడిగేవాళ్ల జీతం చూడాలి. ఇంట్లో పనిమనిషికి జీతం ఎగ్గొట్టి తిరుపతి హుండీలో వేసేవాళ్లు మన దగ్గరా ఉన్నారు కదా. 2005లో జార్జ్‌టౌన్ విద్యార్థులు సరిగ్గా ఈ ప్రశ్నే వేశారు. కాంట్రాక్టు మీద క్యాంపస్‌ను శుభ్రం చేసేవాళ్లకు బతకడానికి చాలినంత కూలి ఇవ్వాలని వారానికి పైగా నిరాహార దీక్ష చేశారు. యూనివర్సిటీ దిగొచ్చింది. ఆ ఏడాదే కాంట్రాక్టు ఉద్యోగులకూ వర్తించే ఒక ఉపాధి విధానం పెట్టుకుంది. దాని ఫలితం అక్కడితో ఆగలేదు. 2013లో అక్కడి పార్ట్‌టైమ్ అధ్యాపకులు సంఘం పెట్టుకుంటామంటే యూనివర్సిటీ అడ్డుపడలేదు. 2018లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు కూడా ఓటు వేసి సంఘం తెచ్చుకున్నారు.

పిట్స్‌బర్గ్‌లోని డుకేన్ యూనివర్సిటీ దారి వేరు. అదీ కాథలిక్ సంస్థే. 2012లో అక్కడి పార్ట్‌టైమ్ అధ్యాపకులు సంఘం కోసం ఓటు వేశారు. తమది మతసంస్థ కాబట్టి కార్మిక బోర్డుకి తమ మీద అధికారం లేదని యూనివర్సిటీ వాదించింది. 2020 జనవరిలో వాషింగ్టన్ అప్పీలు కోర్టు ఆ వాదననే సమర్థించింది. చట్టం దృష్టిలో అది గెలుపే, మతస్వేచ్ఛ వాదనను నేను కొట్టిపారేయను. ప్రభుత్వ బోర్డు మతసంస్థ లోపలికి తొంగిచూడకూడదన్నది చిన్న విషయం కాదు. కానీ 1891 నుంచి సంఘం పెట్టుకునే హక్కును బోధిస్తున్న తిరుసభ పేరు మీద ఆ హక్కు నుంచి మినహాయింపు తెచ్చుకోవడం నాకు మింగుడు పడదు. బోర్డు అక్కర్లేదనుకుంటే సంఘాన్ని స్వచ్ఛందంగా గుర్తించవచ్చు, దారి మూసి లేదు. మీరు టీచింగ్ అసిస్టెంటుగా చేరితే ఈ గొడవ మీదే అవుతుంది, అందుకే ఇంత చెప్పాను.

ఇంకా పాత లెక్కలూ ఉన్నాయి. 1838లో మేరీలాండ్ జెస్యూట్లు తమ తోటల్లో బానిసలుగా ఉంచిన 272 మంది నల్లజాతి మనుషులను లూసియానాకు అమ్మేశారు. ఆ డబ్బులో కొంత జార్జ్‌టౌన్ అప్పులు తీర్చడానికి వాడారు. 2017లో వాళ్ల వారసులను పిలిచి, ప్రార్థనా సభలో బహిరంగంగా క్షమాపణ అడిగారు. రెండు భవనాల పేర్లు మార్చారు. అందులో ఒకటి, అమ్మకపు పత్రంలో మొదటి పేరైన ఐజాక్ హాకిన్స్ పేరు మీద ఉంది. 2019లో విద్యార్థులు, వారసుల కోసం ప్రతి సెమిస్టరూ తమ ఫీజులో 27.20 డాలర్లు కలపాలని దాదాపు మూడింట రెండొంతుల మెజారిటీతో ఓటు వేశారు. యూనివర్సిటీ ఆ ఫీజు పెట్టలేదు, విరాళాలతో నిధి నడుపుతామంది. పాపసంకీర్తనం చేసినవాడు (ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకున్నవాడు) ప్రాయశ్చిత్తం కూడా చేయాలని మాకు చిన్నప్పుడు నేర్పుతారు. క్షమాపణ అడిగాక ఎంత తిరిగివ్వాలన్న వాదన ఆ క్యాంపస్‌లో చెలరేగడానికి మూలం ఈ నేర్పే.

ఇక్కడ మనవాళ్ల గురించి కూడా చెప్పకపోతే దొంగతనమే. తెలుగు విద్యార్థులు దిగిన రోజు నుంచీ తెలుగువాళ్ల మధ్యే ఉంటారు, అద్దె, వంట, ఉద్యోగం వేట అన్నీ అక్కడే. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ గుంపులోకి కులం కూడా సూట్‌కేసుతో పాటు దిగుతుంది. ఇంటిపేరు అడగడం, ఊరు అడగడం, ఏ సంఘం పిక్నిక్‌కి వెళతావని అడగడం. దళిత క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు ఆ ప్రశ్నలను ఎలా తప్పించుకుంటారో దగ్గర్నుంచి చూశాను. కాథలిక్కుల్లో కులం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. మన విచారణల్లోనూ (ఊరి చర్చి సమాజాల్లోనూ) ఉంది, మన శ్మశానాల్లోనూ ఉంది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల ఆంథోనీ గారు కార్డినల్ అయినప్పుడు మొదటి దళిత కార్డినల్ అని ప్రపంచమంతా రాసింది, మొదటి తెలుగు కార్డినల్ కూడా ఆయనే. అంత ఆలస్యంగా ఎందుకొచ్చిందో ఎవరూ వివరించనక్కర్లేదు. 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించిన తొలి అమెరికా నగరం సియాటిల్, అక్కడొక జెస్యూట్ యూనివర్సిటీ కూడా ఉంది. మీ మినిస్ట్రీలో జాతి వివక్ష మీద చర్చ పెడితే కులం గురించి మాట్లాడగలిగే మనిషి ఆ గదిలో మీరొక్కరే కావచ్చు. మాట్లాడితే వినేవాళ్లుంటారు. ఏ కులం నుంచి వచ్చి మాట్లాడుతున్నారో అది కూడా చెప్పి మాట్లాడండి, లేకపోతే సగం నిజమే చెప్పినట్టు.

ఒక ఇబ్బంది ముందే తెలుసుకోండి. ఈ ఆఫీసులు ప్రధానంగా హాస్టళ్లలో ఉండే అండర్‌గ్రాడ్యుయేట్ పిల్లల కోసం నడుస్తాయి. వేళలు, వారాంతాలు, మాట్లాడుకునే తీరు అన్నీ వాళ్లకు తగ్గట్టే. ఇరవై ఐదేళ్ల మనిషి, అప్పు తీసుకుని వచ్చి, వారానికి ఇరవై గంటలు లైబ్రరీలో పనిచేస్తూ, పద్దెనిమిదేళ్ల పిల్లల బృందంలో కూర్చుంటే మొదట్లో ఎబ్బెట్టుగానే ఉంటుంది. గ్రాడ్యుయేట్ల కోసం వేరే బృందం ఉందేమో అడగండి. లేకపోతే ఒకటి పెట్టమని అడగండి. ముగ్గురు కలిసి అడిగితే చాలాసార్లు గది, భోజనం ఖర్చు, నడిపించే మనిషి దొరుకుతారు. ఆ బడ్జెట్లు వాడుకోక మిగిలిపోయిన సంవత్సరాలు నాకు తెలుసు.

వీసా సంగతి. ఎఫ్‑1 మీద లాభాపేక్ష లేని సంస్థలో జీతం లేకుండా స్వచ్ఛందంగా సేవ చేయొచ్చు. కానీ మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని 'వాలంటీర్' పేరుతో చేయకూడదు. క్యాంపస్ మినిస్ట్రీలోనే జీతానికి చేరితే అది క్యాంపస్ ఉద్యోగం కిందికి వస్తుంది, తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటల పరిమితి దాటొద్దు. బయట సంస్థలో డబ్బిచ్చే ఇంటర్న్‌షిప్ అయితే సీపీటీ (చదువులో భాగంగా చేసే పనికి ఇచ్చే అనుమతి) ఉండాలి. డిగ్రీ అయ్యాక ఏడాది పాటు సేవ చేసే జెస్యూట్ వాలంటీర్ కోర్ లాంటివి స్టైపెండు, వసతి ఇస్తాయి కాబట్టి అంతర్జాతీయ ఆఫీసులో వీసా వ్యవహారాలు చూసే డీఎస్‌ఓని అడగకుండా దరఖాస్తు పెట్టకండి. ట్రిప్ సరిహద్దు దాటేదైతే పాస్‌పోర్టు, వీసా గడువు, ఐ‑20 మీద ట్రావెల్ సంతకం ముందే చూసుకోండి. నడిపించే అమెరికన్ విద్యార్థికి ఇవేవీ తట్టవు.

నిరసనల విషయంలో వెనకా ముందూ చూసుకోండి. ప్రార్థనా సమావేశాలు, కొవ్వొత్తుల ప్రదర్శనలు, చట్టసభ సభ్యులను కలవడం ఒక ఎత్తు. కావాలని అరెస్టయ్యే శాసనోల్లంఘన ఇంకో ఎత్తు. కాథలిక్ ఉద్యమాల్లో దానికి గౌరవమైన చరిత్ర ఉంది, 1933లో కాథలిక్ వర్కర్ పత్రిక మొదలుపెట్టిన డొరతీ డే ఎన్నోసార్లు జైలుకెళ్లారు. కానీ ఆమె అమెరికా పౌరురాలు. 2025 వసంతంలో వేలమంది అంతర్జాతీయ విద్యార్థుల సెవిస్ (విద్యార్థి వీసాల ప్రభుత్వ నమోదు వ్యవస్థ) రికార్డులు హఠాత్తుగా రద్దయ్యాయి. చిన్నచిన్న పోలీసు కేసుల జాడ ఉన్నవాళ్లు అందులో చాలామంది. కోర్టులకెక్కాక వాటిని పునరుద్ధరించారు గానీ ఆ వారాలు ఎలా గడిచాయో వాళ్లకే తెలుసు. మీరు వెనక నిలబడితే పిరికితనం అనే మనిషి ఎవరైనా ఆ బృందంలో ఉంటే, వాడికి మీ పరిస్థితి తెలియదని అర్థం. మంచి నాయకుడైతే తానే ముందు వచ్చి మీకు వేరే పని అప్పజెబుతాడు.

మీ స్నేహితురాలికి చిన్న మాట. క్యాంపస్ పూజ బాగుంటుంది, కానీ ఊళ్లోని విచారణనూ వదలొద్దు. క్యాంపస్‌లో అందరూ ఒకే వయసు వాళ్లు, సెలవులొస్తే ఖాళీ. డిసెంబరులో క్యాంపస్ మూసేశాక క్రిస్మస్ పూజకు వెళ్లేది విచారణకే, ముసలివాళ్లూ పసిపిల్లలూ కనబడేదీ అక్కడే. మన దగ్గర కాథలిక్ విద్యార్థుల సమాఖ్య అయిన ఐకఫ్‌లో తిరిగిన అమ్మాయైతే ఈ చర్చలు ఆమెకు కొత్త కాదు. దాదాపు వందేళ్లుగా ఇండియాలో కాథలిక్ విద్యార్థులు ఇవే మాట్లాడుతున్నారని అక్కడివాళ్లకు ఆమే చెప్పొచ్చు.

డబ్బు గురించి మీరు చివర్లో అడిగారు. పూజకు, వారం వారం సేవకు ఖర్చు ఉండదు. రిట్రీట్‌కి కొంత రుసుము, ఇమర్షన్ ట్రిప్‌కి అంతకంటే బాగా ఎక్కువ ఉంటుంది. దాదాపు అన్ని చోట్లా ఇవ్వలేనివాళ్లకు స్కాలర్‌షిప్ ఉంటుంది, కాకపోతే దరఖాస్తు ఫారంలో అది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ గడి టిక్ పెట్టండి, కారణం రాయమంటే ఒక వాక్యం చాలు. ట్రిప్పుల దరఖాస్తులు సెమిస్టరు మొదలైన కొద్ది వారాల్లోనే మూసేస్తారు. కాబట్టి వసంత సెలవుల ట్రిప్ ఆలోచన ఉంటే సెప్టెంబరులోనే ఆ ఆఫీసుకి ఒకసారి వెళ్లి రండి.